తొలి ధరకు ఒప్పుకోవాలా, ఎదురు బేరం చేయాలా? – డొమైన్ పేర్ల విక్రయంలో నిర్ణయ పద్ధతి

వ్యాససంగ్రహం

ఇంటర్నెట్‌లో చిరునామాగా పనిచేసే డొమైన్ పేరును కొంటామని ఎవరైనా ముందుకు వచ్చి ఒక ధర చెప్పినప్పుడు, ఆ పేరు యజమాని దానికి అంగీకరించాలా, ఎక్కువ ధర అడగాలా అన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ‘తొలి ధరకు ఎన్నడూ ఒప్పుకోరాదు’ అనే వ్యాపార సూత్రం అన్ని సందర్భాలకూ చెల్లదని, ఎదురు ప్రతిపాదన అనేది చేతికందిన ధరను పణంగా పెట్టే చర్య అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అమ్మకుండా ఉంచుకుంటే ఆ పేరుకు ఉండే విలువను లెక్కగట్టే విధానాన్ని, ఒప్పంద చట్టం దృష్టిలో ఎదురు ప్రతిపాదన ఫలితాన్ని, తొలి అంకె మనస్సుపై చూపే ప్రభావాన్ని, ట్రేడ్‌మార్క్ వివాదాల్లో ధర అడగడం వల్ల కలిగే ప్రమాదాన్ని వివరించి, చివరకు ఒక నిర్ణయ క్రమాన్ని సూచిస్తుంది.

కీలక పదాలు: డొమైన్ పేరు, తొలి ప్రతిపాదన, ఎదురు ప్రతిపాదన, నిలుపు విలువ, లంగరు ప్రభావం, భారత ఒప్పంద చట్టం, ట్రేడ్‌మార్క్, ఇ-పత్రికలు.

1. ఉపోద్ఘాతం

బేరసారాలకు అన్వయించదగిన రెండు తెలుగు సామెతలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. ‘అడగందే అమ్మైనా పెట్టదు’ అన్నది మొదటిది. ‘మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకున్నట్లు’ అన్నది రెండవది. మొదటిది ఎక్కువ అడగడానికి ధైర్యం చెబుతుంది. రెండవది ఉన్నదాన్ని పోగొట్టుకోవద్దని హెచ్చరిస్తుంది. రెండూ లోకానుభవం నుంచి పుట్టినవే కనుక ఏదీ అబద్ధం కాదు. ఏది ఏ సందర్భానికి వర్తిస్తుందో తేల్చుకోవడంలోనే చిక్కంతా ఉంది.

డొమైన్ పేరు కోసం వచ్చే తొలి ప్రతిపాదన ఈ చిక్కును స్పష్టంగా చూపే సందర్భం. ఒక వ్యక్తో సంస్థో కొన్నేళ్ల కిందట ఒక పేరును నమోదు చేసుకొని ఏటా కొద్దిపాటి రుసుము కడుతూ వస్తుంది. ఆ పేరును అమ్మకానికి పెట్టిందీ లేదు, ధర ప్రకటించిందీ లేదు. ఒకనాడు అపరిచితుని నుంచి లేఖ వస్తుంది: ఈ పేరును లక్ష రూపాయలకు ఇస్తారా? కట్టిన రుసుములతో పోలిస్తే అది పెద్ద మొత్తం. అయినా అడిగినవాడు ఇంకా ఎక్కువ ఇవ్వగలడేమోనన్న అనుమానం వెంటనే కలుగుతుంది. సంతలో పశువును అమ్మేవాడికి పక్కవాడు ఎంతకు అమ్మాడో తెలుస్తుంది. డొమైన్ పేరుకు అలాంటి పోలిక దొరకదు. అదే పేరు మరొకటి ఉండదు, కొనేవారు కూడా వరుసలో నిలబడి ఉండరు.

ఈ వ్యాసం విక్రేత పక్షం నుంచి మాత్రమే సమస్యను పరిశీలిస్తుంది. లెక్కలు చూపేటప్పుడు వాడిన రూపాయల అంకెలు, అవకాశాల శాతాలు వివరణ కోసం ఊహించినవి. వాస్తవ ఘటనలను ఉదాహరించిన చోట వాటి సంవత్సరాలను, మొత్తాలను పేర్కొనడం జరిగింది.

2. డొమైన్ పేరు: సరుకు స్వభావం

డొమైన్ పేర్ల వ్యవస్థకు 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపకల్పన చేశారు. 1985 మార్చి 15న నమోదైన సింబాలిక్స్.కామ్ ‘కామ్’ ప్రత్యయంతో నమోదైన తొలి పేరు. కంప్యూటర్లు గుర్తించే అంకెల చిరునామాలకు బదులుగా మనుషులు గుర్తుంచుకోగల పేర్లను ఇవ్వడమే దీని ఉద్దేశం. ఒక ప్రత్యయం కింద ఒక పేరు ఒకరికే దక్కుతుంది. ఈ ఏకైకత వల్లనే అది అమ్మదగిన వస్తువయింది.

అయితే డొమైన్ పేరు భూమివంటి శాశ్వత ఆస్తి కాదు. నమోదు సంస్థతో చేసుకున్న ఒప్పందం ద్వారా కాలపరిమితితో లభించే హక్కు అది. ‘కామ్’ వంటి ప్రత్యయాల్లో ఒకేసారి గరిష్ఠంగా 10 ఏళ్లకు మించి నమోదు చేసుకోవడం కుదరదు. గడువు తీరేలోగా రుసుము కట్టకపోతే నిర్ణీత వ్యవధుల తరువాత ఆ పేరు మళ్లీ అందరికీ అందుబాటులోకి వస్తుంది. కాబట్టి పేరును ఉంచుకోవడానికి ఖర్చుంది, కొనేవాడికి వేచిచూసే అవకాశమూ ఉంది.

ఏకైకతకు కూడా హద్దులున్నాయి. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారాలను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ 2012లో కొత్త ప్రత్యయాలకు దరఖాస్తులు స్వీకరించింది. ఆ ప్రక్రియ ఫలితంగా 1,200కు పైగా కొత్త ప్రత్యయాలు వాడుకలోకి వచ్చాయి. తెలుగు లిపిలో ‘.భారత్’ అనే ప్రత్యయం కూడా ఉంది. ఒక పేరు దొరకనప్పుడు కొనుగోలుదారు దానికి ముందో వెనుకో మరో మాట చేర్చి గానీ, మరో ప్రత్యయం కింద గానీ నమోదు చేసుకోగలడు. అతని అవసరం ఎంత గాఢమైనదైనా, ఈ ప్రత్యామ్నాయాల ఖరీదు అతడు ఇవ్వగల ధరకు ఒక పైకప్పు వేస్తుంది.

విక్రేతలు ఈ పైకప్పును మరచిపోవడానికి ఒక కారణం ప్రసిద్ధ విక్రయాల వార్తలు. ఫేస్‌బుక్ 2010లో ఎఫ్‌బీ.కామ్ పేరును అమెరికా రైతు సంఘాల సమాఖ్య నుంచి 85 లక్షల డాలర్లకు పొందింది. టెస్లా.కామ్ కోసం దశాబ్దానికి పైగా కాలం, 1.1 కోట్ల డాలర్లు పట్టాయని ఎలాన్ మస్క్ 2018లో వెల్లడించారు. 2019లో వాయిస్.కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇవి నిజమైన విక్రయాలే. కాని ప్రచారంలోకి వచ్చేవి కుదిరిన బేరాలు మాత్రమే. ఎక్కువ అడిగి కొనుగోలుదారును పోగొట్టుకున్నవారి జాబితాను ఎవరూ ప్రచురించరు. గెలిచినవారి కథలనే ఆధారం చేసుకొని గీసిన సగటు గెలుపు వైపే మొగ్గుతుందన్నది పరిశోధకులకు కొత్త విషయం కాదు.

3. నిలుపు విలువ: అసలు కొలమానం

వచ్చిన ధర ఎక్కువో తక్కువో చెప్పాలంటే దాన్ని దేనితో పోల్చాలి? చాలామంది తాము ఆశించే ధరతో పోలుస్తారు. ఆ పోలిక సరైనది కాదు. రోజర్ ఫిషర్, విలియం యూరీ 1981లో ప్రచురించిన ‘గెటింగ్ టు యెస్’ గ్రంథం ఒప్పందం కుదరకపోతే మిగిలే ఉత్తమ ప్రత్యామ్నాయంతో పోల్చమని సూచించింది. డొమైన్ పేరు విషయంలో ఆ ప్రత్యామ్నాయం, పేరును తన వద్దే ఉంచుకొని మరో కొనుగోలుదారు కోసం ఎదురుచూడడం. అలా ఉంచుకుంటే ఈ రోజున ఆ పేరు ఎంత విలువ చేస్తుందో దాన్ని ఈ వ్యాసం ‘నిలుపు విలువ’ అంటుంది.

దీన్ని లెక్కించడానికి నాలుగు అంచనాలు కావాలి: ఏటా మరో కొనుగోలుదారు వచ్చే అవకాశం, అతడు ఇవ్వగల ధర, ఏటి నిర్వహణ ఖర్చు, చేతిలోని సొమ్ముపై ఆ యజమాని ఆశించే వార్షిక ప్రతిఫలం. ఒక ఉదాహరణ చూడవచ్చు. యజమాని తన పేరుకు 5 లక్షల రూపాయలు రావాలని నమ్ముతున్నాడు. ఆ ధర ఇచ్చేవాడు ఒక ఏడాదిలో తారసపడే అవకాశం 2 శాతం. ఏటి రుసుము 1,000 రూపాయలు. ఆశించే ప్రతిఫలం 15 శాతం. ఏటా సగటున ఆశించదగిన రాబడి 5 లక్షల్లో 2 శాతం, అంటే 10,000. రుసుము పోగా 9,000. ఈ 9,000ను ప్రతిఫలం, అమ్ముడుపోయే అవకాశం రెండూ కలిసిన 17 శాతంతో భాగిస్తే సుమారు 53,000 రూపాయలు వస్తుంది. అదే నిలుపు విలువ.

ఈ లెక్క చెప్పే విషయం ఆశ్చర్యం కలిగిస్తుంది. 5 లక్షలు ఆశించే యజమానికి లక్ష రూపాయల ప్రతిపాదన అవమానంగా తోచవచ్చు. కాని అతని సొంత అంచనాల ప్రకారమే ఆ పేరు అతని వద్ద ఉన్నంతకాలం 53,000 రూపాయల వస్తువు మాత్రమే. వచ్చిన ధర దానికి దాదాపు రెట్టింపు. ఎప్పటికైనా రావచ్చుననుకునే ధర వేరు, ఈ రోజు చేతిలో ఉన్న విలువ వేరు. తొలి ప్రతిపాదన విషయంలో జరిగే పొరపాట్లలో అధిక భాగం ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్ల కలిగేవే.

అంచనా మారితే నిర్ణయమూ మారుతుంది. అదే పేరుకు ఏడాదిలో కొనుగోలుదారు వచ్చే అవకాశం 5 శాతమైతే, ఏటి నికర రాబడి 24,000 అవుతుంది. దాన్ని 20 శాతంతో భాగిస్తే నిలుపు విలువ 1,20,000. అప్పుడు లక్ష రూపాయల ప్రతిపాదన నిలుపు విలువకన్నా తక్కువే. కనుక ఈ లెక్కలో కీలకం ఆశించే ధర ఒక్కటే కాదు, కొనేవారు ఎంత తరచుగా వస్తారన్నది కూడా. ‘ఈ పేరు కోసం గత ఐదేళ్లలో ఎందరు అడిగారు?’ అన్న ప్రశ్నకు యజమాని తన పాత ఉత్తరప్రత్యుత్తరాల నుంచి నిజాయతీగా జవాబు వెతుక్కోవాలి. ఇదే మొదటి ఉత్తరమైతే, వచ్చే ఏడాది రెండవది వస్తుందని నమ్మడానికి ఆధారం స్వల్పం.

4. ఎదురు ప్రతిపాదన ఒక పణం

నిలుపు విలువ తెలిసిన తరువాత రెండవ ప్రశ్న: ఎక్కువ అడిగితే ఏం జరగవచ్చు? స్థూలంగా మూడు ఫలితాలు సాధ్యం. కొనుగోలుదారు ఎదురు ధరకు ఒప్పుకోవచ్చు. ‘అంత ఇవ్వలేను, నా పాత ధరే’ అని నిలబడవచ్చు. లేదా వెళ్లిపోవచ్చు. మొదటి దానిలో లాభముంది. రెండవ దానిలో లాభనష్టాలు లేవు. మూడవ దానిలో వచ్చిన ధరకూ నిలుపు విలువకూ మధ్య ఉన్న తేడా మొత్తం పోతుంది. కాబట్టి ఎదురు ప్రతిపాదన లాభసాటి కావాలంటే, ఒప్పుకునే అవకాశంతో హెచ్చించిన అదనపు సొమ్ము, వెళ్లిపోయే అవకాశంతో హెచ్చించిన నష్టం కన్నా ఎక్కువ ఉండాలి.

నిలుపు విలువ 20,000 రూపాయలున్న పేరుకు లక్ష రూపాయల ప్రతిపాదన వచ్చిందనుకుందాం. యజమాని లక్షన్నర అడగదలచాడు. ఒప్పుకునే అవకాశం 40 శాతం, పాత ధరపై నిలబడే అవకాశం 30 శాతం, వెళ్లిపోయే అవకాశం 30 శాతం. ఆశించదగిన లాభం 50,000లో 40 శాతం, అంటే 20,000. ఆశించదగిన నష్టం 80,000లో 30 శాతం, అంటే 24,000. ఒప్పుకునే అవకాశం వెళ్లిపోయే అవకాశం కన్నా ఎక్కువగా ఉన్నప్పటికీ ఎదురు బేరం నష్టదాయకమే. అదే పేరుకు 40,000 రూపాయల ప్రతిపాదన వచ్చి, యజమాని లక్ష అడగదలచాడనుకుందాం. ఒప్పుకునే అవకాశం 30 శాతానికి తగ్గినా, వెళ్లిపోయే అవకాశం 30 శాతంగానే ఉన్నా, లాభం 60,000లో 30 శాతం, అంటే 18,000. నష్టం 20,000లో 30 శాతం, అంటే 6,000. ఇక్కడ అడగడమే వివేకం.

ఈ రెండు లెక్కల నుంచి వ్యాసం ప్రధాన సూత్రం తేలుతుంది. తొలి ధర నిలుపు విలువకన్నా ఎంత ఎత్తున ఉంటే, ఎదురు బేరం అంత ఖరీదైనదవుతుంది. ‘ఇంత మంచి ధర ఇచ్చినవాడు ఇంకా ఇస్తాడు’ అనే తర్కం సహజంగా తోచినా, మంచి ధరను పోగొట్టుకోవడం వల్ల కలిగే నష్టం కూడా ఆ మేరకు పెరుగుతుందన్న సంగతిని అది కప్పిపుచ్చుతుంది. తొలి ధర నిలుపు విలువకన్నా తక్కువగా ఉన్నప్పుడు మాత్రం ఎదురు బేరంలో పోయేదేమీ లేదు.

ఆర్థికశాస్త్రం ఈ సమస్యను రెండు కోణాల నుంచి చూసింది. ఏరియల్ రూబిన్‌స్టైన్ 1982లో ప్రతిపాదించిన నమూనాలో ఇద్దరు వంతులవారీగా ధరలు చెప్పుకుంటారు. ఆలస్యం ఎవరిని తక్కువగా బాధిస్తుందో వారికి ఎక్కువ వాటా దక్కుతుంది. ఇరువురికీ అన్నీ తెలిసిన ఆ ఆదర్శ స్థితిలో ఒప్పందం మొదటి వంతులోనే కుదిరిపోతుంది. వాస్తవంలో ఎవరి మనసులోని విలువ వారికే తెలుసు. అటువంటి స్థితిలో, ఇరువురి విలువల పరిధులు ఒకదానిపై ఒకటి వ్యాపించి ఉంటే, బయటి నుంచి సొమ్ము చేర్చకుండా ఇద్దరికీ లాభించే ప్రతి బేరాన్నీ తప్పక కుదిర్చే పద్ధతి ఏదీ ఉండదని రోజర్ మయర్సన్, మార్క్ శాటర్త్‌వెయిట్ 1983లో నిరూపించారు. అంటే కుదరవలసిన బేరాల్లో కొన్ని చెడిపోవడం ఎవరో ఒకరి మొండితనం వల్లనే జరగనక్కరలేదు, రహస్య విలువల బేరంలోనే ఆ ప్రమాదం ఇమిడి ఉంది.

5. ఒప్పంద చట్టం దృష్టి

ఎదురు ధర అడిగి, కాదంటే పాత ధరకే ఇచ్చేయవచ్చునని చాలామంది భావిస్తారు. చట్టం అలా భావించదు. భారత ఒప్పంద చట్టం, 1872లోని 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం సంపూర్ణంగా, షరతులు లేకుండా ఉండాలి. ధర మార్చి ‘ఒప్పుకుంటున్నాను’ అనడం అంగీకారం కాదు. అది పాత ప్రతిపాదనను తోసిపుచ్చి కొత్త ప్రతిపాదన చేయడం.

ఈ సూత్రానికి మూలంగా న్యాయశాస్త్ర విద్యార్థులు చదివేది 1840 నాటి హైడ్ వర్సెస్ రెంచ్ అనే ఆంగ్ల తీర్పు. ఒక వ్యవసాయ క్షేత్రాన్ని 1,000 పౌండ్లకు అమ్ముతానని రెంచ్ ప్రతిపాదించాడు. హైడ్ 950 ఇస్తానన్నాడు. రెంచ్ నిరాకరించాడు. అప్పుడు హైడ్ 1,000కే ఒప్పుకుంటున్నానని తెలిపాడు. రెంచ్ అమ్మడానికి ఇష్టపడలేదు. ఒప్పందం ఏర్పడలేదని న్యాయస్థానం తేల్చింది. 950 అన్న క్షణంలోనే 1,000 పౌండ్ల ప్రతిపాదన ముగిసిపోయింది. దాన్ని ఏకపక్షంగా తిరిగి బతికించే అధికారం హైడ్‌కు లేదు.

దీనికి పక్కనే చదవవలసింది 1880 నాటి స్టీవెన్‌సన్ వర్సెస్ మెక్లీన్ తీర్పు. ఇనుము విక్రయ ప్రతిపాదనకు జవాబుగా ఒక పక్షం, సరుకు అందజేతకు రెండు నెలల వ్యవధి ఇస్తారా అని అడిగింది. అది ఎదురు ప్రతిపాదన కాదని, కేవలం విచారణ అని, కాబట్టి అసలు ప్రతిపాదన సజీవంగానే ఉందని న్యాయస్థానం భావించింది. డొమైన్ పేరు విక్రేతకు ఈ భేదం ఎంతో ఉపయోగపడుతుంది. ‘లక్షన్నర అయితే ఇస్తాను’ అన్నది ఎదురు ప్రతిపాదన. ‘మీ ప్రతిపాదన అందింది. సొమ్ము చెల్లింపు ఏ పద్ధతిలో చేస్తారు? ధర విషయంలో మార్పుకు అవకాశముందా?’ అన్నది విచారణ. మొదటిది తలుపు మూసి మరో తలుపు తెరుస్తుంది. రెండవది ఉన్న తలుపును తెరిచే ఉంచుతుంది. అయితే అంగీకారం తెలిపేలోగా ప్రతిపాదకుడు తన ప్రతిపాదనను వెనక్కు తీసుకోవచ్చు కనుక విచారణను సాగదీయడం కూడా క్షేమం కాదు.

6. తొలి అంకె చేసే పని

మొదట వినిపించిన అంకె ఆ తరువాతి అంచనాలన్నిటినీ తన వైపు లాగుతుంది. ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో ఒక చక్రాన్ని తిప్పి 10 లేదా 65 అంకె వచ్చేలా చేసి, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో అంచనా వేయమని అడిగారు. 10 చూసినవారి అంచనాల మధ్యగతం 25, 65 చూసినవారిది 45. సంబంధం లేని అంకె కూడా మనసుకు లంగరు వేసింది. డొమైన్ పేరుకు మార్కెట్ ధర స్థిరంగా లేనందువల్ల ఈ లంగరు ప్రభావం మరింత బలంగా పనిచేసే వీలుంది. 5,000 రూపాయల ప్రతిపాదన అందుకున్నవాడు 15,000 అడగడమే సాహసమనుకుంటాడు. అదే పేరుకు 2 లక్షలు విన్నవాడు 4 లక్షలు అడుగుతాడు. పేరు మారలేదు, లంగరు మారింది.

దీనికి విరుగుడు కూడా పరిశోధనలోనే ఉంది. ఆడమ్ గలిన్‌స్కీ, థామస్ ముస్‌వైలర్ 2001లో చూపిన ప్రకారం, ఎదుటివారి ప్రత్యామ్నాయాల మీద గానీ తన లక్ష్యం మీద గానీ దృష్టి నిలిపిన పక్షంపై తొలి అంకె ప్రభావం తగ్గిపోతుంది. కాబట్టి నిలుపు విలువను జవాబు రాయడానికి ముందే, వీలైతే ఏ ప్రతిపాదనా రాకముందే, కాగితం మీద పెట్టుకోవడం మేలు. తొలి అంకె విన్న తరువాత వేసిన లెక్క ఆ అంకె నీడలోనే సాగుతుంది.

మరొక పరిశోధన ఈ అంశానికి నేరుగా సంబంధించింది. తొలి ప్రతిపాదన తక్షణమే ఆమోదం పొందితే ప్రతిపాదించినవారికి సంతృప్తి తగ్గుతుందని, ఇంకా మంచి ధరకు దొరికి ఉండేదేమోనని వారు మథనపడతారని గలిన్‌స్కీ, ఆయన సహచరులు 2002లో తెలిపారు. డొమైన్ వ్యాపారంలో అంగీకారానికీ సొమ్ము చేతికి రావడానికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. ఆ వ్యవధిలో కొనుగోలుదారు మనసు మారే ప్రమాదముంది. అందుచేత అంగీకరించదలచినప్పుడు కూడా చెల్లింపు, బదిలీ వివరాలను ముందుగా విచారించి, ఆపైన షరతులు లేని అంగీకారం తెలపడం రెండు విధాలా మేలు చేస్తుంది. బేరం తూకంగా సాగిందన్న తృప్తి కొనేవాడికి మిగులుతుంది, అసలు ప్రతిపాదనా చెక్కుచెదరదు.

7. పేరుపై హక్కు: ధర అడగడమే సాక్ష్యమయ్యే సందర్భం

ఇంతవరకు జరిగిన చర్చ ఒక విషయాన్ని ముందే ఒప్పుకొని సాగింది: పేరుపై విక్రేతకు న్యాయమైన హక్కు ఉందని. కొనుగోలుదారు ట్రేడ్‌మార్క్ యజమాని అయినప్పుడు ఆ విషయమే వివాదమవుతుంది. 1999 అక్టోబర్‌లో ఐకాన్ ఆమోదించిన వివాద పరిష్కార విధానం ప్రకారం, ఫిర్యాదుదారు మూడు అంశాలు నిరూపించాలి: పేరు తన మార్కును పోలి ఉండడం, పేరుదారుకు న్యాయమైన ప్రయోజనం లేకపోవడం, దురుద్దేశంతో నమోదు చేసి వాడడం. మార్కు యజమానికి తన వాస్తవ ఖర్చులకు మించిన మొత్తానికి అమ్మడమే ప్రధాన లక్ష్యంగా నమోదు చేయడం దురుద్దేశానికి నిదర్శనమని ఆ విధానమే పేర్కొంది. అంటే మామూలు బేరంలో తెలివిగా కనిపించే ఎదురు ధర, ఇక్కడ ప్రతివాదికి వ్యతిరేకంగా దాఖలయ్యే పత్రం కావచ్చు.

ఈ విధానం కింద వెలువడిన తొలి నిర్ణయమే ఇందుకు ఉదాహరణ. వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ పేరును 1999 అక్టోబర్‌లో నమోదు చేసిన వ్యక్తి మూడు రోజులకే దాన్ని 1,000 డాలర్లకు ఆ సంస్థకు అమ్మజూపాడు. 2000 జనవరిలో ఆ పేరు సంస్థకు దక్కింది. అంతకుముందు అమెరికాలో పానావిజన్.కామ్ పేరుకు 13,000 డాలర్లు అడిగిన వ్యక్తిపై పానావిజన్ సంస్థ వ్యాజ్యం వేసి, 1998లో అప్పీలు న్యాయస్థానంలో కూడా గెలిచింది.

ఎదురు ధర ఎలా పరిణమిస్తుందో మరింత సూక్ష్మంగా చూపేది 2003-04 నాటి మైక్‌రోసాఫ్ట్ వివాదం. కెనడాకు చెందిన మైక్ రో అనే 17 ఏళ్ల విద్యార్థి తన పేరుకు ‘సాఫ్ట్’ చేర్చి ఒక డొమైన్ నమోదు చేసుకున్నాడు. ఉచ్చారణలో అది మైక్రోసాఫ్ట్ పేరుకు సమానం. ఆ సంస్థ న్యాయవాదులు పేరు అప్పగించమని కోరి, నమోదు ఖర్చు కింద 10 డాలర్లు ఇస్తామన్నారు. ఆ మొత్తానికి నొచ్చుకున్న విద్యార్థి 10,000 డాలర్లు అడిగాడు. తరువాత వచ్చిన 25 పుటల లేఖ ఆ కోరికనే దురుద్దేశానికి ఆధారంగా చూపింది. పత్రికల్లో వచ్చిన సానుభూతి వల్ల 2004 జనవరిలో వ్యవహారం రాజీతో ముగిసింది. ఖర్చుల భరింపు, రెడ్మండ్ పర్యటన, ఒక ఎక్స్‌బాక్స్ అతనికి దక్కాయి. 10 డాలర్ల ప్రతిపాదన అన్యాయంగా తోచవచ్చు. కాని న్యాయదృష్టిలో ప్రమాదాన్ని తెచ్చింది ఆ ప్రతిపాదన కాదు, దానికి ఇచ్చిన జవాబు.

భారతదేశంలో డొమైన్ పేర్లకు ప్రత్యేక శాసనం లేకపోయినా, ట్రేడ్‌మార్క్ న్యాయసూత్రాలు వాటికి వర్తిస్తాయని సత్యం ఇన్ఫోవే వర్సెస్ సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో సుప్రీంకోర్టు 2004లో స్పష్టం చేసింది. ‘ఇన్’ ప్రత్యయం గల పేర్ల వివాదాలకు నిక్సీ సంస్థ సొంత పరిష్కార విధానాన్ని నిర్వహిస్తోంది. మరోవైపు, సాధారణ నామవాచకాలను, ఊరి పేర్లను, సొంత పేర్లను నమోదు చేసుకొని న్యాయంగా వాడుకునేవారు ధర అడిగినంత మాత్రాన దోషులు కారు. మార్కు పుట్టకముందే నమోదైన పేరుకు రక్షణ మరింత బలంగా ఉంటుంది. టెస్లా.కామ్ 1992లో నమోదైంది, కార్ల సంస్థ 2003లో ఏర్పడింది. ఆ సంస్థ ఏళ్ల తరబడి బేరమాడవలసి రావడానికి ఈ తేదీల వరుస ఒక కారణంగా అర్థం చేసుకోవచ్చు. కనుక ఎదురు ధర రాసే ముందు చూడవలసినవి రెండు తేదీలు: పేరు నమోదైన తేదీ, కొనుగోలుదారు మార్కు వాడుకలోకి వచ్చిన తేదీ.

8. ధరకు లొంగని విలువ: పరిశోధన పత్రికల చిరునామాలు

నిలుపు విలువ లెక్కలో ఇప్పటివరకు సొమ్ము మాత్రమే ఉంది. ఖాళీగా ఉన్న పేరుకు అది సరిపోతుంది. వాడుకలో ఉన్న పేరుకు సరిపోదు. తెలుగులో ఇ-పత్రికలు, నిఘంటువుల సైట్లు, రచయితల గ్రంథాలయాలు డొమైన్ పేర్ల మీదే నిలబడి ఉన్నాయి. వాటిలోని వ్యాసాలను ఉల్లేఖించిన సిద్ధాంత గ్రంథాలు ఆ చిరునామాలనే నమోదు చేస్తాయి. పేరు చేతులు మారితే పాత లంకెలు తెగిపోతాయి, లేదా మరేదో చోటికి దారితీస్తాయి. వదిలేసిన పేర్లు జూదపు ప్రకటనల సైట్లుగా మారడం ఇంటర్నెట్‌లో సాధారణం. డిజిటల్ ఆబ్జెక్ట్ ఐడెంటిఫయర్ వంటి శాశ్వత గుర్తింపు సంఖ్యలు తీసుకున్న పత్రికలు కొత్త చిరునామాకు దారి మళ్లించుకోగలవు. అవి లేని పత్రికలకు ఆ అవకాశం లేదు.

ఈ నష్టాన్ని రూపాయల్లో చెప్పడం కష్టమే గాని, లెక్కలో చేర్చకపోవడం దాన్ని సున్నాగా లెక్కించడంతో సమానం. అదనంగా రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఆ డొమైన్ కింద నడిచే ఈమెయిల్ చిరునామాలు. పేరు కొన్నవారు వాటికి వచ్చే ఉత్తరాలను అందుకోగలరు. ఆ చిరునామాలతో తెరిచిన ఇతర ఖాతాల సంకేతపదాలు కూడా ప్రమాదంలో పడతాయి. రెండవది, అమ్మే అధికారం. పత్రిక ఒక సంఘానిది, పేరు నమోదు మాత్రం ఒక సంపాదకుని వ్యక్తిగత ఖాతాలో ఉండడం అరుదు కాదు. నమోదులో ఉన్న పేరు అమ్మగల శక్తినిస్తుంది గాని, సమష్టి ఆస్తిని అమ్మే నైతికాధికారాన్ని ఇవ్వదు. ఇటువంటి పేరుకు ఎంత పెద్ద ప్రతిపాదన వచ్చినా మొదటి జవాబు అంగీకారమూ కాదు, ఎదురు ధరా కాదు. సంబంధితులందరితో సంప్రదింపు.

9. నిర్ణయ క్రమం

పై చర్చను ఒక వరుసలో పెట్టవచ్చు. మొదట ప్రతిపాదన నిజమైనదో కాదో తేల్చుకోవాలి. కొనే ముందు ‘విలువ నిర్ధారణ పత్రం’ కోసం విక్రేతనే సొమ్ము కట్టమనే ఉత్తరం ప్రతిపాదన కాదు, మోసం. రెండవది, ట్రేడ్‌మార్క్ పరిశీలన. అనుమానమున్నచోట న్యాయవాదిని సంప్రదించకుండా అంకె రాయరాదు. మూడవది, నిలుపు విలువను సొమ్ములోను, సొమ్ముకందని నష్టాల్లోను లెక్కగట్టడం. నాలుగవది, కొనుగోలుదారు అవసరాన్ని అంచనా వేయడం. అదే పేరుతో మరో ప్రత్యయం కింద అతడు ఇప్పటికే వ్యాపారం చేస్తున్నాడా, మధ్యవర్తి ద్వారా వచ్చాడా, గడువు పెట్టాడా అన్నవి అతడు నిలబడతాడో వెళ్లిపోతాడో తెలిపే సూచనలు.

అప్పుడు నిర్ణయం మూడు మండలాల్లో ఒకదానిలో పడుతుంది. ధర నిలుపు విలువకన్నా తక్కువైతే నిస్సంకోచంగా ఎక్కువ అడగవచ్చు. కొద్దిగా ఎక్కువైతే, కారణం చూపగల ఎదురు ధర చెప్పడం లాభదాయకం. పోలికకు అందని అంకె చెబితే వెళ్లిపోయే అవకాశాన్నే పెంచుకున్నట్లు. చాలా ఎక్కువైతే విచారణతో ఆగి, అంగీకరించడం మంచిది. ఏ మండలంలో బేరం కుదిరినా, సొమ్మును విశ్వసనీయమైన మూడవ పక్షం వద్ద జమ చేయించి, పేరు బదిలీ అయిన తరువాత విడుదల చేయించే ఎస్క్రో పద్ధతి ఇరుపక్షాలకూ రక్షణ. బదిలీకి కావలసిన రహస్య సంకేతాన్ని సొమ్ము జమకాకముందు ఎవరికీ ఇవ్వరాదు.

10. ముగింపు

తొలి ధరను ఎప్పుడూ కాదనాలన్న సూత్రం, తొలి ధర ఎప్పుడూ తక్కువగానే ఉంటుందన్న నమ్మకంపై ఆధారపడింది. కొనేవాడు తన గరిష్ఠ ధరను మొదటే చెప్పడన్నది చాలాసార్లు నిజం. కాని విక్రేత తేల్చుకోవలసింది కొనేవాడి గరిష్ఠ ధరను కాదు. ఆ ధర తనకు ఎన్నటికీ పూర్తిగా తెలియదు. తాను తెలుసుకోగలిగింది తన నిలుపు విలువను, పేరుపై తన హక్కును, ఆ పేరుపై ఆధారపడినవారిని. ఈ మూడూ తేలిన తరువాత, ఎదురు బేరంలో ఎంత పణంగా పెడుతున్నాడో కూడా తేలుతుంది. ఆ పణం తెలిసి అడిగినప్పుడే అది బేరం అవుతుంది. తెలియకుండా అడిగితే జూదమే.